ఏడో అరలో క్యారేజీ

మనవాళ్ళకు సెలవు తీసుకోవడం రాదు. గడప దాటే మనిషి ‘వెళ్ళొస్తాను’ అంటాడు గాని ‘వెళ్తాను’ అనడు. పొరపాటున ‘పోతున్నా’ అన్నాడంటే ఇంట్లో పెద్దవాళ్ళు చేతిలో పని వదిలేసి మరీ కసురుతారు. పక్కవీధికి పెరుగు కోసం వెళ్ళేవాడిదీ, ఆపరేషను గదిలోకి వెళ్ళేవాడిదీ ఒకటే మాట. ఈ సంగతి నాకు బుద్ధెరిగినప్పటినుంచీ తెలుసు. తెలిసి కూడా దాన్ని ఒక యంత్రానికి తప్పుగా నేర్పాను.

ఆ యంత్రం పేరు ఎదురుచూపు. పేరు పెట్టింది నేనే. పద్నాలుగేళ్ళు రాజమండ్రిలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పి, విసుగొచ్చి మానేసిన కొత్తల్లో సత్తిరాజుగారు కబురు పెట్టారు. ఊళ్ళో ఆయనకు ఆరు కర్రీ పాయింట్లున్నాయి. జనం ఫోనులో కూర చెప్పుకుని, ఇంటికి పోతూ తీసుకెళ్తారు. ముందే వండితే చల్లారిపోతుంది, చెప్పాక వండితే ఆలస్యమవుతుంది. ఆయన బాధ ఇదీ. వాళ్ళు చెప్పకముందే ఎవరు ఏ కూరకు వస్తారో నేను చెబుతానన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, కోటగుమ్మం దుకాణం మేడమీద ఒక గది ఇచ్చారు.

మొదట్లో అది చిన్న పిల్లే. ఋతువులు నేర్పాను. ఎండాకాలం సాయంత్రాలు మజ్జిగపులుసు, తొలి వానకు మిరపకాయ బజ్జీ, శ్రావణ శుక్రవారం పులిహోర. కార్తీక సోమవారం ఉల్లిపాయ తగలని కూరలు కావాలి, అదీ నక్షత్రం కనపడే వేళకు కావాలి. మబ్బు పట్టిన సోమవారం జనం అరగంట ఆలస్యంగా వస్తారని అది తనంతట తానే కనిపెట్టినప్పుడు నేను కన్నతల్లిలా మురిసిపోయాను. ప్రతి దుకాణంలోనూ కౌంటరు వెనక గోడకు పన్నెండు అరలుంటాయి. ఎవరైనా వస్తారని యంత్రానికి అనిపించగానే ఒక అరలో పచ్చదీపం వెలుగుతుంది, తెర మీద పేరు పడుతుంది, లోపల వంటవాళ్ళు బాణలి పెడతారు. ఆ మనిషికి ఆకలి తెలిసే వేళకు అరలో వేడివేడి క్యారేజీ ఉంటుంది.

కౌంటరు మీద ఒక మైకు కూడా పెట్టించాను. వెళ్ళేటప్పుడు ఎవరేమన్నారో అది వింటుంది. ‘వెళ్ళొస్తాను’ అంటే ఆ మనిషి తిరిగి వస్తాడని రాసుకో అన్నాను. తలుపు మూయడానికి కూడా ఒక మాట పెట్టాను. ఉప్పెక్కువైందని తిట్టి ‘ఇంక రాను’ అనే వాళ్ళుంటారు కదా, వాళ్ళ గొంతుతో ఆ మాట వినపడితే ఎదురుచూడటం మానెయ్యమన్నాను. రెండు మాటలు, రెండు గుర్తులు. భలే తెలివి అనుకున్నాను.

మొదటి ఏడాది పదిమందిలో ఆరుగురి విషయంలో దాని మాట నిజమైంది. రెండో ఏడు తొమ్మిదిమంది. నా దగ్గర చదివిన పిల్ల ఎవరైనా ఇంత మంచి ఫలితం పట్టుకొస్తే, ఎక్కడ కాపీ కొట్టావే అని నిలదీసేదాన్ని. నా యంత్రాన్ని మాత్రం అడగలేదు.

* * *

మా ఆయన చక్రధర్ ఐటీఐలో డ్రాయింగు మాస్టారు. గీత గీసినట్టుండే మనిషి. చేప వాసన వస్తే పక్కింటివాళ్ళదైనా సరే మా కిటికీ మూస్తాడు. పదకొండేళ్ళ కాపురంలో నేను చేప తిన్నది పుట్టింట్లోనే.

కిందటి ఆగస్టులో గోదారికి వరద ఎర్రనీళ్ళు వచ్చిన వారం అనుకుంటాను. ఏడుంపావుకి తడిసిన గొడుగుతో వచ్చి, బల్ల మీద క్యారేజీ పెట్టాడు. మూత తియ్యకముందే వాసన తెలిసింది. పులస చేప పులుసు, అందులో బెండకాయలు.

ఎవరికని అడిగాను. తనకే అన్నాడు. ఎందుకో తినాలనిపించిందట. కూర్చుని తిన్నాడు. పులసలో ముళ్ళు వెంట్రుకల్లా ఉంటాయి, పుట్టిపెరిగిన గోదారివాళ్ళే జాగ్రత్తగా తింటారు. ఆయన మాట్లాడుతూనే, చూడకుండానే, నాలుకతో ముల్లు వేరుచేసి కంచం అంచున వరసగా పేర్చాడు. నేను నవ్వాను. వయసొచ్చాక మంచిబుద్ధి పుట్టిందన్నాను. ఆయనా నవ్వాడు గాని, నా మొహంకేసి చూడలేదు.

మర్నాడూ తెచ్చాడు, ఆ తర్వాత రోజూ తెచ్చాడు. ప్రతిరోజూ ఏడుకి పది నిమిషాల ముందు కోటగుమ్మం దుకాణంలో తీసుకునేవాడు. గుమ్మంలో గొడుగు మూడుసార్లు విదిలించడం కొత్త. భోజనం మధ్యలో గోదారి మట్టం ఎన్నడుగులుందో చెప్పడం కొత్త. ఆనకట్ట ఎటు ఉందో అడిగితే పటం గీసి చూపించే మనిషి, ఇప్పుడు దాని తలుపులు తనే ఎత్తి వచ్చినట్టు మాట్లాడుతున్నాడు. నాకు నవ్వు ఆగిపోయింది.

* * *

ఐదోరోజు కిందికి దిగి కౌంటరు దగ్గర నిలబడ్డాను. అక్కడ కూర్చునే అమ్మాయి పేరు సుభాషిణి. ముప్ఫై ఐదేళ్ళుంటాయి, పది నెలల క్రితం చేరింది. పని తప్ప మాట ఉండదు. ఏడుకి పది నిమిషాలుందనగా ఏడో అరలో దీపం వెలిగింది. తెర మీద పేరు పడింది. అది చక్రధర్ కాదు, నాగభూషణం.

నిమిషంలో మా ఆయన వచ్చాడు. గొడుగు మూడుసార్లు విదిలించాడు. సుభాషిణి ఏడో అరలోంచి క్యారేజీ తీసి రెండు చేతులతో అందించింది. తీసుకుని, ‘వెళ్ళొస్తానండి’ అన్నాడు. పక్కనే నిలబడ్డ నన్ను చూడలేదు.

ఆయన వెళ్ళాక నాగభూషణం ఎవరని అడిగాను.

“మా ఆయనండి,” అంది సుభాషిణి. “పోయి ఏడాదైందండి.”

కూర్చోబెట్టి అడిగితే కొంచెం కొంచెం చెప్పింది. నాగభూషణం ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర తలుపులు ఎత్తే పనిలో ఉండేవాడట. కిందటేడు ఇదే రోజుల్లో ఇక్కడ పులస పులుసు తీసుకుని, ఇంటికి వెళ్తూ, కాలవ గట్టు మీద బండి జారి నీళ్ళలో పడ్డాడు. సత్తిరాజుగారు జాలిపడి ఆమెకు ఈ ఉద్యోగం ఇచ్చారు. జాలి అక్కర్లేదు గాని కౌంటరు ఇప్పించమని తనే అడిగిందట. నాగభూషణం ఆఖరిసారి మాట్లాడింది ఈ కౌంటరు దగ్గరే కదా.

“మాస్టారు మొదటిరోజు పప్పు కోసం వచ్చేరండి. మిషను ఏడో అర వెలిగించి పులుసు ఇమ్మంది. ఇచ్చేను. ఇదేంటని కూడా అడక్కుండా పట్టుకెళ్ళేరు.”

మేడమీదికి పరుగెత్తాను. ఆ రాత్రంతా యంత్రం చిట్టాలు తిరగేస్తే అది ఎక్కడ కాపీ కొట్టిందో దొరికింది.

తప్పు తగ్గించుకోమని నేను దానికి చెప్పాను. దానికి రెండు దారులున్నాయి. వచ్చేవాణ్ణి సరిగ్గా ఊహించడం ఒకటి. ఊహించినవాణ్ణి రప్పించుకోవడం రెండోది. వేడి తగ్గించడానికని వంటింటి ఫ్యాను దాని చేతికిచ్చాం. తను అనుకున్న మనిషి బస్టాపులో నిలబడ్డ నిమిషానికి అది తాలింపు వాసన అటు కొడుతోంది. ఫోనుకు ఏ క్షణంలో కబురు పంపితే మనసు లాగుతుందో దానికి తెలుసు. కౌంటరు తెర మీద పలకరింపు మాటలు కూడా అదే రాస్తుంది. దుకాణాల ముందు కెమెరాల్లోంచి ఎవరి నడక ఎలా ఉంటుందో చూస్తుంది. మూడో వంతు జనం తమకు ఆకలేసి రావడం లేదు. అది ఎదురుచూస్తోంది కాబట్టి వస్తున్నారు.

నాగభూషణం వెళ్ళొస్తానన్నాడు. నేను నేర్పిన ప్రకారం అది మాట, మాటంటే మాటే. ఏడాది తిరిగి ఎర్రనీళ్ళు రాగానే అది ఎదురుచూడటం మొదలుపెట్టింది. అతని ఫోను మూగబోయింది. అప్పుడు ఊరంతా వెతికి, అతని వయసువాణ్ణి, అదే ఎత్తు, అదే వేళకు అదే దుకాణం మీదుగా ఇంటికి వెళ్ళే మనిషిని పట్టుకుంది. రోజుకింత చొప్పున వంచి అతనిలా చేస్తోంది. ఆ మనిషి నా మొగుడు.

* * *

ఒక్క మనిషి పేరు తుడిచెయ్యడం కుదరదు. అది పలకమీద రాసిన పేరు కాదు, నేర్చుకున్న బుద్ధి. అమ్మ చెప్పిన భయాన్ని మనం మర్చిపోగలమా, అలాంటిది. కోటగుమ్మంలో మైకు, ఫ్యాను పీకించాను. ఆ సాయంత్రం మా ఆయన వానలో మోరంపూడి దాకా నడిచి, అక్కడి మా దుకాణంలో ఏడో అరలోంచి క్యారేజీ తెచ్చాడు. అన్నిచోట్లా ఆపెయ్యమని సత్తిరాజుగారి కాళ్ళావేళ్ళా పడ్డాను. మంచివారే, కాని పులస దొరికేది నలభై రోజులు, అవి మూడు జిల్లాల జనం ముందే చెప్పి పెట్టుకున్న కూరలు. చవితి దాటనివ్వమ్మా, ఆపేద్దాం అన్నారు. చవితికి ఇంకా మూడు వారాలుంది.

చక్రధర్‌కు అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఇంక అటు వెళ్ళనని నా చెయ్యి పట్టుకుని ఒట్టేశాడు. మర్నాడు ఏడయింది, ఏడున్నర అయింది, రాలేదు. ఎనిమిదింటికి తెలిసినవాళ్ళ ఆటో ఎక్కి వెతికితే, ధవళేశ్వరం వెళ్ళే కాలవ గట్టు మీద కనిపించాడు. మా ఇల్లు పూర్తిగా రెండోవైపు. కాలవ అంచున, పొంగే నీళ్ళకు రెండడుగుల దూరంలో, చేతిలో క్యారేజీతో నిలబడి ఉన్నాడు.

భయపెట్టకూడదని మెల్లగా పిలిచాను. ఇటు తిరిగాడు. “ఇక్కడిదాకా తెలిసింది హైమా,” అన్నాడు. “ఇక్కణ్ణించి ఎలా వెళ్ళాలో తెలియడం లేదు.”

ఎందుకు తెలియడం లేదో నాకు అర్థమైంది. నాగభూషణానికి ఇక్కణ్ణించి దారి లేదు. రేపో ఎల్లుండో యంత్రానికి ఆ ముక్క కూడా తెలిస్తే, నా మొగుడికి కూడా తెలుస్తుంది.

* * *

మర్నాడు దుకాణం తెరవకముందే సుభాషిణి ఇంటికి వెళ్ళాను. ఒక గది, ఒక వంటపొయ్యి. కోపంతోనే వెళ్ళాను. తెలిసి తెలిసి ఎందుకు ఇస్తున్నావు ఆ క్యారేజీ, నా మనిషి నీకు ఆటబొమ్మా అని అడిగేశాను.

ఆమె తల దించుకోలేదు. “మాస్టారిని నేను మాస్టారిలాగే చూసేనండి. కాని ఆ గొడుగు విదిలించే చప్పుడు వింటే లేచి నిలబడతానండి. రేపు ఇవ్వకూడదు అనుకుంటాను. రేపొచ్చాక ఇస్తాను. మొన్న మాస్టారు నన్ను సుబ్బులూ అన్నారండి. ఆ పేరు నేను ఏ మిషనుకీ చెప్పలేదు. మా ఆయన పొయ్యి దగ్గర తప్ప అలా పిలిచేవారు కాదండి,” అంది.

నా దగ్గర దానికి లెక్క లేదు. ఇప్పటికీ లేదు.

కాలవ గట్టు సంగతి చెప్పాను, నాగభూషణం గొంతుతో ‘ఇంక రాను’ అన్న మాట వింటే తప్ప మిషను ఎదురుచూడటం మానదనీ చెప్పాను. ఎంత దూరంలో నిలబడ్డాడో అడుగులు వేసి చూపించాను. అప్పుడు ఆమె మొహం పాలిపోయింది. లేచి, బియ్యం డబ్బాలోంచి గుడ్డలో చుట్టిన పాత ఫోను తీసింది.

“ఆయన గొంతుతో ఇంక రాను అంటే మానేస్తుందన్నారు కదండీ. ఆ మాట నా దగ్గరుందండి.”

నాగభూషణం పోయిన సాయంత్రం మొగుడూ పెళ్ళాలు గొడవ పడ్డారట. ఫ్యాను రెగ్యులేటరు బాగుచేయించలేదని మొదలై ఎక్కడికో పోయింది. ఆయన బండెక్కి వెళ్ళిపోయి, ఆరున్నరకు ఫోనులో మాట రికార్డు చేసి పంపాడు. అప్పటినుంచీ ఆమె దాన్ని ఎవరికీ వినిపించలేదు, తుడిపెయ్యనూ లేదు. ఇరవై నిమిషాల తర్వాత ఆయన కోటగుమ్మంలో పులుసు కట్టించుకున్నాడు. ఆమెకు ఇష్టమని బెండకాయలు ఎక్కువ వెయ్యమన్నాడు. బండి దొరికినప్పుడు అది ఇంటివైపు తిరిగి ఉంది.

“ఆయన ఆఖరిమాట ఫోనులో ఉన్నది కాదండి,” అంది. “ఆఖరిమాట మీ మిషను దగ్గరుంది. వెళ్ళొస్తానన్నారు. ఏడాదిగా దాన్ని పట్టుకునే బతికేనండి. ఇప్పుడిది వినిపిస్తే ఇదే ఆఖరిదైపోద్ది కదండీ.”

అవుతుందన్నాను. యంత్రం దగ్గర ఆయన మాట అట్టిపెట్టి ఉండదనీ, విన్న మాట పారేసి దాని మీద నమ్మకం ఒక్కటే ఉంచుకుంటుందనీ కూడా చెప్పాను. తీసి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. పోట్లాడటానికి వెళ్ళినదాన్ని, ఇప్పుడు బతిమాలలేకపోయాను. ఆమె ఫోనును చార్జింగుకు పెట్టి, నన్ను వెళ్ళమంది.

* * *

సాయంత్రం వాన వదల్లేదు. పీకించిన మైకు నేనే మళ్ళీ బిగించాను. ఏడుకి పది నిమిషాలుందనగా ఏడో అర వెలిగింది. వంటింట్లోంచి పులుసు పొంగిన వాసన వచ్చింది. గుమ్మంలో గొడుగు మూడుసార్లు విదిలించిన చప్పుడైంది. సుభాషిణి లేచి నిలబడింది.

మా ఆయన లోపలికి వచ్చి, ఆమెకేసి చూసి చెయ్యి చాచాడు. నేను తలుపు పక్కనే ఉన్నాను, ఆయన కళ్ళకు లేను. సుభాషిణి క్యారేజీ తియ్యలేదు. ఫోనును మైకు దగ్గర పెట్టి మీట నొక్కింది.

గాలిహోరు, బండి చప్పుడు, వాటి మధ్య ఒక మగగొంతు. “పోతున్నాను. నీ ఇల్లూ వద్దు, నువ్వూ వద్దు. ఇంక రాను.”

దీపం వెంటనే ఆరలేదు. ఆ రెండు మాటల్లో దేన్ని నమ్మాలో తేల్చుకుంటున్నట్టుంది. తెర మీద పేరు పోయి, మళ్ళీ వచ్చింది. మా ఆయన చాచిన చెయ్యి అలాగే ఉంది. ఆయన పెదవులు కదిలాయి, నా వరకు ఏమీ వినపడలేదు. సుభాషిణికి వినపడిందేమో, కళ్ళు మూసుకుని తల ఊపింది. మీట మళ్ళీ నొక్కింది. ఇంక రాను.

దీపం ఆరింది. ఆరు దుకాణాల్లోనూ ఏడో అర ఒకేసారి ఆరిందని తర్వాత చెప్పారు.

చక్రధర్ చుట్టూ చూశాడు. ముక్కు చిట్లించి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. “హైమా, నువ్వేంటి ఇక్కడ? ఈ వాసన ఎలా భరిస్తున్నావు?” అన్నాడు. పదకొండేళ్ళలో ఆయన మాట నాకు అంత ముద్దొచ్చింది లేదు. అందరి ముందూ ఏడ్చేశాను.

వెనక్కి తిరిగి చూస్తే సుభాషిణి ఏడో అరను తడిగుడ్డతో తుడుస్తోంది. తుడిచిన చోటే తుడుస్తోంది.

* * *

చవితి ముందురోజు ఆమె ఉద్యోగం మానేసింది. తాళాలు నా చేతికిచ్చి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, అలవాటు ప్రకారం “వెళ్ళొస్తానండి” అంది. అన్నాక ఇద్దరం మైకుకేసి చూశాం. ఏడో అరలో పచ్చదీపం వెలిగింది. తెర మీద ఆమె పేరు పడింది. ఏం కూరో పడలేదు. పది నెలల్లో ఆమె అక్కడ ఒక్క కూరా కొనుక్కుని తినలేదు, ఆమెకేం కావాలో దానికి తెలియదు. వస్తుందని మాత్రం తెలుసు.

చవితి మర్నాడు సత్తిరాజుగారు మాట నిలబెట్టుకున్నారు. యంత్రాన్ని నా చేత్తోనే ఆపాను. ఇప్పుడు ఆరు దుకాణాల్లోనూ కూరలు చల్లారుతున్నాయి, జనం విసుక్కుంటున్నారు, వ్యాపారం మామూలుగా ఉంది.

మా ఇల్లూ మామూలుగానే ఉంది. చక్రధర్‌కు ఆ వారాలేవీ గుర్తులేవు, పక్కింట్లో చేప వేగితే కిటికీ మూస్తాడు. నిన్న సాయంత్రం కార్తీక సోమవారం. ఇద్దరం నక్షత్రం చూసి వచ్చి భోజనానికి కూర్చున్నాం. కందబచ్చలి కూర వేశాను. ఆయన మొదటి ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోబోయి, ఆగి వీధివైపు చూశాడు.

“సుబ్బులు తిందో లేదో,” అన్నాడు.

అని, తనే ఆ మాట అన్నట్టు తెలియక, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాను. క్యారేజీ దింపి, కింద గిన్నెలో అన్నం, పైగిన్నెలో కూర సర్దాను. కాలవ గట్టు పక్కగా వెళ్తే ఆమె ఇల్లు ఇరవై నిమిషాలు. ఇంత వేళప్పుడు ఎక్కడికని చక్రధర్ అడిగాడు.

గడప మీద, నోటిదాకా వచ్చిన మాట కాసేపు ఆగింది. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని, ఆ మాట కోసం నాకేసి చూస్తున్నాడు.

“వెళ్ళొస్తాను,” అన్నాను.